చల్లగదికి గొట్టాలు బిగించిన వేసవి

ఎందుకు రాస్తున్నాను

మొన్న ఎండల్లో మా వీధిలో ఒకరింటికి ఏసీ బిగించడానికి ఇద్దరు మెకానిక్కులు వచ్చారు. నన్నెవరూ పిలవలేదు, నేనే వెళ్ళి చూస్తూ కూర్చున్నాను. చేతులు చురుకైనవే. గోడకు బెజ్జం కొట్టి, రాగి గొట్టాలు వంచి, డాబా మీద పడుకోబెట్టి, మూతులు అట్లాగే తెరిచి పెట్టి టిఫినుకు వెళ్ళారు. తిరిగి వచ్చాక అడిగాను.

"ఏం నాయనా, మూతులు మూయకుండా పోయారేంది?"

"ఏమవుద్ది తాతా, ఉత్త గొట్టాలేగా!" అని నవ్వాడు అందులో పెద్దవాడు.

ఆ మాటకు జవాబు ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. చెప్పాలంటే ఒక వేసవి అంతా చెప్పాలి. పిల్లవాడికి అంత తీరిక లేదు. కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఎవరైనా చదువుకోవచ్చు. నేనెక్కడెక్కడ చేశాను, ఎప్పుడు ఏ హోదాలోకి వచ్చాను అనేవి ఇందులో ఉండవు. వాటివల్ల ఎవరికీ ఒక నట్టు కూడా సరిగా బిగించడం రాదు.

మస్తాన్ మేస్త్రి

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి నరసరావుపేటలో ఒక ఐసు ఫ్యాక్టరీలో చేరాను. పందొమ్మిది వందల యాభైలు సగం దాటిన రోజులవి. ఫ్యాక్టరీని నడిపేది మస్తాన్ మేస్త్రి. సంతకం తప్ప అక్షరం రాదు. స్క్రూడ్రైవరు మొన వాల్వు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏం జరుగుతోందో చెప్పేవాడు. వాల్వులోంచి ద్రవం సాగుతుంటే సన్నగా పాము బుస కొట్టినట్టు వినిపిస్తుంది. "బుస ఉందంటే పానం ఉన్నట్టు. బుస లేదంటే పరిగెత్తు" అనేవాడు.

ఐసు ఫ్యాక్టరీలో అంతా అమ్మోనియా, ఇనప గొట్టాలు. లీకైతే ముక్కే చెబుతుంది, కళ్ళే ఏడుస్తాయి. తరవాత తరవాత రాగి గొట్టాల యంత్రాలు రావడం మొదలైంది. వాటిలోని గ్యాసుకు వాసన లేదు. ఇక్కడ తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు చెప్పాలి. బయట యంత్రం ఉంటుంది, గది లోపల కాయిలు, అంటే చుట్టలు చుట్టిన గొట్టం, ఉంటుంది. రెంటినీ కలిపేవి రెండు రాగి గొట్టాలు. సన్నదానిలో ద్రవం లోపలికి పోతుంది. దాని చివర సూదిమొన పట్టేంత బెజ్జంతో ఒక వాల్వు ఉంటుంది. ఆ బెజ్జం దాటగానే ద్రవం ఆవిరై, చల్లబడి, కాయిలంతా తిరిగి, గదిలో వేడిని మోసుకుని లావు గొట్టంలో బయటకు వస్తుంది. మొత్తం విద్య ఇంతే. కానీ ఆ బెజ్జం ఎంత చిన్నదో మరిచిపోయినవాడు ఈ పనికి పనికిరాడు.

గొట్టం మూతిని గరాటులా వెడల్పు చేసి, నట్టుతో వాల్వుకు బిగించాలి. వెడల్పు చేసేముందే నట్టును గొట్టంలోకి తొడగాలి, తరవాతైతే ఎక్కదు. మొదటిసారి నేను మూతి ఎంతో నున్నగా చేసి, మురిసిపోయి, మేస్త్రికి చూపించాను.

"చానా బాగా చేశావురా కోటేశూ. నట్టేదీ?"

నట్టు బల్ల మీద ఉంది.

"దాన్ని మెళ్ళో కట్టుకో. పెళ్ళిదాకా ఉండనీ" అని దారానికి గుచ్చి నా మెడలో వేశాడు. ఆ రోజంతా అట్లాగే తిరిగాను. ఐసు కొనడానికి వచ్చిన సోడా బండ్లవాళ్ళంతా "ఏమబ్బాయా, ఎవరిచ్చారు తాళి?" అని అడిగినవాళ్ళే. ఆ తరవాత నా జీవితంలో నట్టు మరిచింది లేదు. కోప్పడి నేర్పితే కోపమే గుర్తుంటుంది. మస్తాన్ మేస్త్రి నవ్వించి నేర్పాడు, పని గుర్తుండిపోయింది.

పుస్తకం

సాయంత్రం పని దిగగానే స్నానం చేసి గ్రంథాలయానికి వెళ్ళేవాణ్ణి. మొదట్లో నవలల కోసమే వెళ్ళాను, అబద్ధమెందుకు. అక్కడి గ్రంథపాలకుడు శేషగిరి పంతులుగారు నా గోళ్ళలో గ్రీజు చూసి, ఒకరోజు ఎవరో ఇంజనీరు వదిలిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి బీరువా అడుగునుంచి తీశారు. శీతల యంత్రాల మీద ఐదు వందల పేజీల పుస్తకం. "దీన్ని ఇంతవరకు ఎవరూ తెరవలేదయ్యా. నువ్వు తెరువు" అన్నారు.

పక్కన నిఘంటువు పెట్టుకుని రోజుకు ఒక పేజీ చదివాను. కొన్నిరోజులు అర పేజీ. అర్థమైనదంతా తెలుగులో నోటుపుస్తకంలో రాసుకున్నాను. పూర్తయ్యేసరికి రెండేళ్ళు దాటింది. మా జిల్లాలో ఆ పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివిన మెకానిక్కును నేనొక్కణ్ణే అయివుంటానని అప్పుడనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను. పీడనం పెరిగితే ఎందుకు ఉడుకు పెరుగుతుందో, మేస్త్రి చెవితో విన్నదానికి కారణమేమిటో నాకు తెలిసింది. చదువుకున్న మెకానిక్కు ఊహించి చూస్తాడు, చదువుకోనివాడు విప్పి చూస్తాడు. విప్పితే సగం యంత్రాలు చెడతాయి. కాబట్టి చదవండి. అయితే ఎట్లా చదవాలో కూడా చెబుతాను. అది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

చల్లగది

పందొమ్మిది వందల అరవైల మొదట్లో, గురజాల తాలూకాలో ఒక పల్లె ఆసుపత్రికి నన్ను పంపారు. ఊరి పేరు అవసరం లేదు. చుట్టూ నాపరాళ్ళ క్వారీలు. నడివేసవిలో ఆ రాళ్ళ మీద నీళ్ళు చల్లితే చుయ్యిమని ఆవిరై పోయేవి. ఆసుపత్రిని నడిపేది డాక్టర్ గ్రేసమ్మగారు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ.

"వడదెబ్బ తగిలినవాళ్ళను బండ్ల మీద తెస్తారు. ఒళ్ళు పెనంలా ఉంటుంది. తడిదుప్పటి కప్పితే దుప్పటి ఆరుతుంది గానీ వేడి దిగదు. నిరుడు నా చేతుల్లో పోయినవాళ్ళ పేర్లు అడిగితే వరసగా చెప్పగలను. ఒక్క గది చల్లగా ఉంటే చాలు. రోహిణి కార్తె రాకముందే కావాలి" అన్నారామె.

యంత్రం ఎవరో దాత ఇచ్చింది. కోల్డ్ స్టోరేజీ కోసం చేసింది కాబట్టి ఆ గదికి పెద్దది. వాల్వు దగ్గర నీరు గడ్డకట్టేంత చలి పుట్టిస్తుంది. దాన్ని వరండాలో కూర్చోబెట్టి, కాయిలు గదిలో పెట్టి, గొట్టాలు కలపడం నా పని. మస్తాన్ మేస్త్రికి అప్పటికే మోకాళ్ళ నొప్పులు. "పుస్తకాలోడివి గదా, పో" అని ఒక్కణ్ణే పంపాడు.

మొదటిరోజు గొట్టాలు కోసి, అంచులు గీకి, నట్లు తొడిగి, మూతులు వెడల్పు చేసి, వంపులు తిప్పి గోడ వెంట పరిచాను. గుమ్మం కింద రాయి అడ్డం వచ్చింది, అక్కడ సన్న గొట్టాన్ని కొంచెం కిందికి దించి తిప్పాల్సి వచ్చింది. పొద్దు గుంకింది. కలపడం రేపటికి పెట్టుకుని, గొట్టాలను అట్లాగే వదిలి వెళ్ళి పడుకున్నాను. మూతులు మూయలేదు. ఎందుకు మూయలేదంటే కారణం లేదు. ఉత్త గొట్టాలేగా అనుకున్నాను.

పొద్దున వచ్చేసరికి నాలుగు మూతుల్లో గుడ్డపేలికలు కుక్కి ఉన్నాయి. గొట్టాలు తళతళ మెరుస్తున్నాయి. బల్లులు దూరకుండా ఎవరో బుద్ధిమంతులు గుడ్డలు పెట్టారనుకున్నాను. ఆ రోజు గదిలో ప్రార్థన ఉందన్నారు, అందుకని తుడిచారనుకున్నాను. పేలికలు లాగేసి గొట్టాలు బిగించాను. కొంచెం గ్యాసు వదిలి, అతుకులకు కుంకుడు నురగ రాసి చూస్తే ఎక్కడా బుడగ లేదు, అంటే లీకు లేదు. ఆ రోజుల్లో మా దగ్గర లోపలి గాలిని లాగే పంపు లేదు, గ్యాసుతోనే గాలిని తరిమేవాళ్ళం. తరిమి, గ్యాసు నింపి, స్విచ్చి వేశాను. బుస మొదలైంది. గంటలో గది చల్లబడింది. పాస్టరుగారు ప్రార్థన ముగించి కూడా బయటకు రాలేదు. "ఇంకొంచెంసేపు ధ్యానం చేసుకుంటా" అన్నారు. డాక్టరమ్మగారు నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

బుస ఆగింది

యంత్రం వేసిన మూడోరోజు పొద్దున గోవిందును తెచ్చారు. క్వారీలో రాయి కొట్టే మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి. స్పృహ లేదు. ఒంటిమీద చెమట లేదు, అదే చెడ్డ గుర్తు అన్నారు డాక్టరమ్మగారు. వెంట భార్య నాగమ్మ. చల్లగదిలో మంచమ్మీద వేసి తడిదుప్పటి కప్పారు. కాసేపటికి ఒంటి వేడి కొంచెం దిగింది.

పదకొండు గంటలకు గది వేడెక్కడం మొదలుపెట్టింది. యంత్రం తిరుగుతూనే ఉంది. స్క్రూడ్రైవరు వాల్వు మీద పెట్టి విన్నాను. బుస లేదు. యంత్రం ఆపి, అరగంట ఆగి మళ్ళీ వేస్తే బుస వచ్చింది, గది చల్లబడింది. కాసేపటికి మళ్ళీ ఆగిపోయింది.

ఇట్లా చల్లబడుతూ ఆగుతూ ఉంటే లోపల తడి చేరి వాల్వు బెజ్జంలో గడ్డకడుతోందని అర్థం. ఆ ముక్క నా పుస్తకంలో ఉంది. నా నోటుపుస్తకంలో దానికింద గీత కూడా గీశాను. కానీ గాలిలోని తేమ గొట్టాల్లో చేరడం వల్ల అట్లా జరుగుతుందని ఆ పేజీలో ఉంది. నేను వరండాలోకి వచ్చి ఆకాశం చూశాను. నాలుక బయట పెడితే ఎండిపోయే గాలి. ఈ గాలిలో తేమ ఎక్కడిది? కాబట్టి తడి కాదు అని తీర్మానించుకున్నాను. మిగిలింది వాల్వు.

"వాల్వు చెడిందండీ. కంపెనీవాళ్ళు పంపిందే చెడ్డది. మద్రాసునుంచి కొత్తది రావాలి" అన్నాను డాక్టరమ్మగారితో. గట్టిగానే అన్నాను. పుస్తకం చదివినవాడి గొంతు అది.

"ఎన్నాళ్ళు?"

"నాలుగైదు రోజులు పట్టుద్దండి."

ఆమె గోవిందు వైపు చూశారు. "ఈయనకు నాలుగు రోజుల్లేవు. ఈ పగలు గడిస్తే చాలు. ఈ పగలు గడవాలి" అని లోపలికి వెళ్ళిపోయారు.

నేను కంపెనీకి ఉత్తరం రాయడానికి వరండాలో కూర్చున్నాను. మీ వాల్వు నాసిరకం అని మొదటి వాక్యం రాశాను కూడా.

సువార్తమ్మ

అప్పుడు ఆయా సువార్తమ్మ వచ్చి నిలబడింది. యాభై పైబడిన మనిషి, ఆ ఆసుపత్రిలో ఊడ్చి కడిగే పని. కొంగు చేతుల్లో నలుపుతోంది.

"అబ్బాయా, ఒక మాట అడుగుతా, తిట్టమాక."

"చెప్పు పెద్దమ్మా."

"ఆ రాగి గొట్టాలు... లోపల తడుంటే మిషను ఆగుద్దా?"

కలం కింద పెట్టేశాను. "ఏం, ఎందుకడుగుతున్నావు?"

"మొన్న నువ్వు పోయినాక చూశాను. నల్లంగా, మకిలి మకిలిగా ఉండాయి. రోగం మనుషులుండే గదిలోకి మకిలి గొట్టాలేంది, పొద్దున్నే పాస్టరుగారొస్తారు గదా అని... చింతపండేసి తోమాను. మా ఇంట్లో రాగి బిందె తోమినట్టే. బయట తోమి లోపల వదిలేస్తే ఎట్టా అని చెంబుతో నీళ్ళు పోసి తొలిచాను. మళ్ళీ పురుగూ పుట్రా దూరకుండా గుడ్డలు బెట్టాను." గొంతు తగ్గించింది. "డాక్టరమ్మకు తెలిస్తే నన్ను పనిలోంచి తీసేస్తది. అయినా ఆ పిల్ల మొగుడు అట్టా పడుంటే నోరు మూసుకుని ఎట్టా ఉండేది?"

గుమ్మం కింది వంపు నా కళ్ళముందు మెదిలింది. రెండు చివరలా గుడ్డలు బిగించాక, ఆ వంపులో నిలిచిన నీళ్ళను ఎంత ఎండైనా ఏం చేస్తుంది? మొదటి రెండు రోజులూ సన్న గొట్టంలో తడిని పీల్చడానికి పెట్టే డ్రయ్యరు తాగగలిగినంత తాగింది. దాని కడుపు నిండాక మిగిలింది వాల్వుకు చేరింది.

"పెద్దమ్మా, గబగబా యేడినీళ్ళు పెట్టు" అన్నాను.

కెటిలుతో నీళ్ళు తెచ్చింది. గుడ్డ ముంచి, పిండి, పొగలు కక్కుతున్నదాన్ని వాల్వుకు చుట్టాను. నాగమ్మ మంచం దగ్గరనుంచి లేచి వచ్చింది.

"ఇదేం చోద్యమయ్యా! వడదెబ్బ తగిలినోడి గదిలో యేడినీళ్ళేంది? నీకేమన్నా మతిపోయిందా?"

"ఉండమ్మా తల్లీ, ఒక్క నిమిషం."

"ఏందుండేది! అమ్మా డాక్టరమ్మా, ఈయన్ని బయటికి పంపండి!"

ఆ కేకకు డాక్టరమ్మగారు వచ్చారు. సరిగ్గా అప్పుడే వాల్వులో టిక్కుమని చిన్న చప్పుడు, వెంటనే బుస. మంచు కరిగింది. స్క్రూడ్రైవరు పిడి డాక్టరమ్మగారి చెవి దగ్గర పెట్టాను. ఆమె విన్నారు.

"పొద్దున వాల్వు చెడిందన్నావు."

"తప్పు చెప్పానండి. గొట్టాల్లో నీళ్ళు చేరినయి."

"ఎట్లా చేరాయి?"

నేను సువార్తమ్మ పేరు దాచలేదు, ఆమె చేసింది చెప్పాను. చెప్పి, "ఆమె తప్పేమీ లేదండి. మూతులు బిరడాలేసి మూయాల్సింది నేను. ముట్టుకోవద్దని చెప్పాల్సింది నేను. రెండూ చేయలేదు. పొద్దున గుడ్డలు చూసి కూడా అడగలేదు" అన్నాను.

డాక్టరమ్మగారు నా వైపు తిరిగారు. "సరే. ఇప్పుడు చెబుతున్నది రైటేనా?"

"రైటేనండి."

"అయితే పొద్దు గూకేదాకా ఆ బుస ఆగకూడదు. సువార్తమ్మా, నువ్వు వేరే పని చూడొద్దు. ఈ కెటిలే నీ పని."

సువార్తమ్మకు స్క్రూడ్రైవరుతో వినడం నేర్పాను. రెండుసార్లకే వచ్చేసింది. మధ్యాహ్నమంతా ఆమె ఒక చెవి వాల్వుకు అప్పగించి కూర్చుంది. "ఆగింది అబ్బాయా" అంటే గుడ్డ వేసేది. కొన్నిసార్లు ఆగకముందే "సన్నబడతంది" అనేది. అంత సూక్ష్మం నాకు ఎన్నో ఏళ్ళకు గానీ పట్టుబడలేదు. నాగమ్మ మొదట కెటిలు వంక అనుమానంగా చూసింది. తరవాత తనే పొయ్యి దగ్గరకు పోయి నీళ్ళు కాచి తెచ్చింది.

ఎండ వాలుతున్న వేళ గోవిందు పెదవులు కదిలాయి. నాగమ్మ వంగి చెవి పెట్టింది. తల ఎత్తేసరికి ఆమె ముఖం ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"చలేస్తందంట అమ్మా! ఏదన్నా కప్పమంటన్నాడు!"

విప్పినప్పుడు

మర్నాడు గోవిందును మామూలు వార్డుకు మార్చాక యంత్రం ఆపి గొట్టాలు విప్పాను. వంపును తిరగేస్తే ఇంకా రెండు చెంచాల నీళ్ళు కారాయి. వేలితో నాలుకకు రాసుకుంటే పులుపు. గొట్టాలను బ్లో ల్యాంపు మంటతో ఈ చివరనుంచి ఆ చివరదాకా కాచి, గ్యాసుతో ఊది, కొత్త డ్రయ్యరు వేసి, యంత్రంలో నూనె కూడా మార్చి మళ్ళీ బిగించాను. ఆ వేసవిలో అది మళ్ళీ ఆగలేదు. కంపెనీ ఉత్తరం చించేశాను. పోస్టు చేయకముందే నిజం తెలిసింది, అంతవరకు నయం.

నరసరావుపేట తిరిగి వచ్చి మస్తాన్ మేస్త్రికి అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. చివరిదాకా విని ఒక్కటే అడిగాడు.

"గాలిలో తడి వల్ల అని రాసినోడిది ఏ ఊర్రా?"

"ఇంగ్లండు, మేస్త్రీ."

"వాడి ఊళ్ళో తడి గాల్లో ఉంటది. మన ఊళ్ళో చెంబులో ఉంటది. పుస్తకం చదివేటప్పుడు మన ఊరిని కూడా పక్కన బెట్టుకుని చదువు."

కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పేది దాదాపు ఇదే. గొట్టం కోసిన మరుక్షణం దాని రెండు మూతులూ మూయండి. టిఫినుకు పోయినా సరే, మంచినీళ్ళకు పోయినా సరే. ఇంట్లోవాళ్ళను పిలిచి అదేమిటో, ఎందుకు ముట్టుకోకూడదో చెప్పండి. వాళ్ళకు తెలియదని విసుక్కోవద్దు. రాగి కనిపిస్తే తోమాలనిపించడం తప్పు కాదు, శుభ్రత తెలిసిన చేతి లక్షణం. మీరు పెట్టని వస్తువు ఏదైనా పొద్దున గొట్టంలో కనబడితే, ఎవరు పెట్టారో అడగకుండా లాగేయకండి. చెడింది కంపెనీదే అని నోట్లోంచి రాబోతుంటే ఒక్క గంట ఆగండి. నా ముప్పై ఎనిమిదేళ్ళలో కంపెనీ తప్పులు చూశాను గానీ, బిగించినవాడి తప్పులే ఎక్కువ చూశాను. వాటిలో నావీ ఉన్నాయి. ఇంకోమాట, ఇప్పుడు మీకు పంపులున్నాయి, గేజీలున్నాయి. పంపు ఉందికదా అని నీళ్ళు పోనిచ్చేవాడు మెకానిక్కు కాడు.

కృతజ్ఞతలు

అక్షరం రాకపోయినా నాకు చదవడం ఎట్లాగో చెప్పిన మస్తాన్ మేస్త్రికి నమస్కారం. ఎవరూ తెరవని పుస్తకాన్ని గ్రీజు చేతుల్లో పెట్టి, పేజీల మీద మరకలు పడ్డా ఒక్కమాట అనని శేషగిరి పంతులుగారికి నమస్కారం. తప్పు చెప్పినవాడి రెండోమాటను కూడా విన్న డాక్టర్ గ్రేసమ్మగారికి, నా మీద కేకలేసి తరవాత నాకే నీళ్ళు కాచి ఇచ్చిన నాగమ్మకు, పదకొండో రోజున తన కాళ్ళ మీద తాను నడిచి ఇంటికి వెళ్ళిన గోవిందుకు కృతజ్ఞతలు.

అందరికంటే ఎక్కువ సువార్తమ్మకు. ఆమెను ఎవరూ అడగలేదు, ఎవరికీ అనుమానం కూడా లేదు. ఉద్యోగం పోతుందని తెలిసీ వచ్చి చెప్పింది. ఆమె నోరు విప్పకపోతే నేను మద్రాసునుంచి కొత్త వాల్వు తెప్పించేవాణ్ణి. అదీ గడ్డకట్టేది. కంపెనీని తిడుతూ ఇంకొకటి తెప్పించేవాణ్ణి. ఆ మొదటి వాల్వు రాకముందే నాగమ్మ ఒంటరిగా ఊరికి తిరిగి వెళ్ళి ఉండేది.